మొక్కుపొట్టేలి ముంగాలు

నిడుగల్లు కొండకోట కింది కోటమారమ్మ జాతరలో అమ్మవారి తర్వాత జనం భయపడేది నారప్పకే. అమ్మవారు ఎప్పుడో గాని కోపించదు. నారప్ప ప్రతి మాఘమాసమూ కోపించేవాడు. మొక్కుబడి జీవాలను పరీక్షించడం ఆయన తనకు తానుగా తలకెత్తుకున్న కైంకర్యం. ముప్పై ఏళ్ళుగా జాతరనాటి ఉదయం తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, గుడి ముందటి రాతి అరుగు మీద తూర్పుముఖంగా కూర్చునేవాడు. మొక్కినవారు తమ పొట్టేలును ఆయన ఎదుటికి నడిపించాలి. ఆయన నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టేవాడు. చెవులను ఎండకెత్తి చూసేవాడు. కొమ్ములు తట్టి, గిట్టలు తిప్పి, చిట్టచివర ఏడడుగులు నడిపించేవాడు. ఆ ఏడడుగుల్లో ఎక్కడ తడబాటు కనిపించినా అంతటితో సరి.

"అంగలోపమున్నదాన్ని అమ్మకు ఇయ్యకూడదప్పా. ఇంటికి తోలుకొని పో" అనేవాడు.

ఈ పనికి ఆయనను నియమించినవారు లేరు. వద్దన్నవారూ లేరు, ఎందుకంటే పురాణాలు చదివినవాడు, ముప్పై ఎకరాల మెట్టకు ఆసామి, పైగా గొంతు పెద్దది. ఆరేళ్ళ కిందట చిక్కన్న అనే రైతు తెచ్చిన పొట్టేలి చెవికి వేరుశనగ గింజంత చీలిక ఉందని, వాళ్ళ వియ్యంకుల కళ్ళ ముందే వెనక్కు పంపాడు. ఆనాటినుండి చిక్కన్న నారప్ప ఇంటి వీధిన నడవడం మానుకొని, పొలానికి పోవాలన్నా అరమైలు చుట్టు తిరిగి పోతున్నాడు.

వరుసగా మూడేళ్ళు వాన మొగం చాటేసింది. నాలుగో ఏట వేరుశనగ పూత రాలి, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు మళ్ళీ ఆకాశం తెల్లబడింది. నారప్ప చేనిగట్టున నిలబడి, ఊడలు దిగేదాకా నేలలో తడి పదును నిలిస్తే తన మందలోని మేలైన పొట్టేలును సమర్పించుకుంటానని అమ్మవారికి మొక్కుకున్నాడు. నాలుగంటే నాలుగు దినాలు కురిసింది. కురవవలసిన దినాల్లోనే కురిసింది. కాయ నిండింది. నారప్ప ఆ సాయంకాలమే నల్లమూతి పొట్టేలు ఒకదాన్ని ఎంచి, పసుపుదారం మెడకు కట్టాడు. ఒకసారి దారం కట్టాక దాని బదులు మరొకదాన్ని ఇవ్వడం ఆ గుడి ఆచారంలో లేదు. మమకారం పుట్టకూడదని దానికి పేరు కూడా పెట్టలేదు.

కార్తికంలో వేరుశనగ కట్టె ఇంటికి తోలుతుండగా ఆ పొట్టేలు బండివెనుక నడుస్తూ, బండిమీది మేతకోసం మెడ చాచి చాచి, చివరకు చక్రం కిందికే కాలు చాచింది. కుడి ముంగాలు విరిగింది. విరగడమే కాదు, నడుమ వేలి కణుపంత ఎముక నుగ్గై రాలిపోయింది.

ఎముకలు కట్టే కాటయ్య వచ్చాడు. ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన చేయి పడని మోచేయి లేదు. కళ్ళు మూసుకొని కాలిని తడిమి చూసి, నిట్టూర్చి లేచాడు.

"విరిగిందాన్ని కడతాను నారప్పా. లేనిదాన్ని యాడనుంచి తెచ్చి కట్టేది?"

ఈ మాట చిక్కన్న చెవిని పడేసరికి సూర్యుడింకా నడినెత్తికి రాలేదు. ఆరేళ్ళ తర్వాత మొదటిసారిగా అతడు నారప్ప ఇంటి వీధిన నడిచాడు. అదీ రెండుసార్లు.

"అంగలోపం వచ్చిందంట గదా నారప్పన్నా" అన్నాడు, ఎంతో విచారంగా. "ఇంగ జాతరకు ఏం చేస్తావప్పా? బదులు ఇచ్చే ఆచారం గూడా లేకపాయె."

నారప్పకు ఆ రాత్రి అన్నం దిగలేదు. మొక్కు తీర్చలేక నలుగురిలో నిలబడడమంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎందుకంటే నిలబెట్టినవాడు ఆయనే.

మరునాడే తిరుమణి నుండి శివన్న వచ్చాడు. బెంగళూరులో పశువైద్యం చదివి అక్కడే పరిశోధన చేస్తున్న యువకుడు. పండుగ సెలవుకు ఊరికి వచ్చినవాడు. దూరపు వరుసలో నారప్పకు మేనల్లుడు. కాలు చూసి అతని ముఖం వికసించింది. ఎదుటివారి కష్టాన్ని చూసి వికసించే ముఖం నారప్పకు నచ్చలేదు గాని, అతడు చెప్పినది మాత్రం విన్నాడు.

"మామా, ఊడ నేలలోకి దిగాలంటే ఏం కావాల?"

"పదును కావాల. మూడేండ్ల నుంచి దాని కోసమే గదా ఏడ్చినాము."

"ఎముక గూడా అంతే. ఈ కొస నుంచి, ఆ కొస నుంచి పెరగాలనే చూస్తాది. నడుమ ఒట్టి సందు, పదును లేదు. నేను ఆ సందులో ఒక జెల్లు నింపుతాను. హైడ్రోజెల్ అంటారు. తన బరువుకు ఇరవై రెట్లు నీళ్ళు పట్టుకొని ఉంటాది. ఎముక దాంట్లోకి ఊడల మాదిరి దిగుతాది. దిగేకొద్దీ జెల్లు కరిగిపోతాది. చివరికి ఎముక ఒకటే మిగుల్తాది."

చుట్టూ పదిమంది రైతులు నిలబడి ఉన్నారు. వారికి ఎముక సంగతి అంతగా పట్టలేదు.

"ఎన్ని రెట్లంటివి?" అన్నాడు కూలికి వచ్చిన దాసన్న.

"ఇరవై."

"ఎన్ని దినాలు పట్టుకుంటాది?"

"కొన్ని వారాలు."

అమ్మవారి పూజారి హనుమప్ప అందుకున్నాడు. "ఎకరాకు ఎంత పడుతుందప్పా అది? విత్తనంతో పాటు చల్లేదా, గొర్రుతో వేసేదా?"

ఇది చేలకు కాదని, చెంచాడు తయారుచేయడానికి నెలరోజులు పడుతుందని శివన్న ఎంత చెప్పినా వినేవారు లేరు. దేశానికి వాన లేక జనం అలమటిస్తుంటే, నీటిని పట్టి ఉంచే వస్తువు కనిపెట్టి, దాన్ని తీసుకుపోయి గొర్రెకాలిలో పెట్టే చదువు ఏమి చదువని వాళ్ళలో వాళ్ళు చాలాసేపు అనుకున్నారు.

మూడు దినాలకు శివన్న, బెంగళూరులో అదివరకే చేసి ఉంచిన జెల్లును మంచుడబ్బాలో పట్టుకొని తిరిగివచ్చాడు. మత్తుసూది వేసి, గాయం శుభ్రం చేసి, సన్నని ఉక్కుసూదులతో ఎముక రెండు కొసలనూ బయటినుండి బిగించి, నడుమ ఆ తెల్లని జిగురుముద్దను కూర్చి కుట్టాడు. గిన్నెకు అంటుకొని మిగిలిన కాస్తనూ, చూడవచ్చిన జనంలో ఉన్న చిక్కన్న ఎవరూ చూడకుండా వేలితో తీసి, తన పెరటి నిమ్మమొక్క మొదట్లో పాతిపెట్టాడు. తెల్లారేసరికి ఊరి కుక్కలన్నీ కలిసి నిమ్మమొక్కను వేళ్ళతో సహా పెకలించాయి. ఆ నష్టం గురించి అతడు ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

పొట్టేలు కాలు నేల మోపకూడదని శివన్న ఆదేశం. గోనెసంచులు కలిపి కుట్టి, నాలుగు కాళ్ళకూ నాలుగు కంతలు విడిచి, కొట్టంలోని దూలానికి ఊయలలా కట్టి, పొట్టేలును అందులో వేలాడదీశారు. తిండి, నీరు, గాయం తుడవడం, బరువు ఒకే పక్కకు పడకుండా చూడడం, అన్నీ నారప్ప పనులే అయ్యాయి. ఇతరులను నమ్మితే ఏమరుతారని, ఏమరితే లోపం నిలిచిపోతుందని ఆయన భయం.

నారప్పకు సాయంకాలాల్లో పురాణ పారాయణం అలవాటు. ఇదివరకు ఇంటి వసారాలో చదివేవాడు. ఇప్పుడు కాపలా కోసమని కొట్టంలోనే దీపం పెట్టుకొని చదవసాగాడు. ముప్పై ఏళ్ళ పారాయణంలో ఆయనకు ఒక బాధ ఉండిపోయింది. వినడానికి వచ్చినవారిలో ఒక్కరైనా ఫలశ్రుతి దాకా కూర్చోలేదు. ఒకరికి చేను గుర్తుకు వచ్చేది, మరొకరికి నిద్ర వచ్చేది. భార్య సుబ్బలక్ష్మమ్మకైతే మొదటి పద్యానికే పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చేది. పొట్టేలు అలా లేచిపోలేదు. దూలానికి వేలాడుతున్నది కనుక పోవడానికి వీలులేదనే సంగతి నారప్పకు తెలియకపోలేదు. అయినా అది కళ్ళు అరమూసి, దవడలు నెమ్మదిగా ఆడిస్తూ, ముని తన వెన్నెముకను దేవతలకు దానమిచ్చిన ఘట్టం యావత్తూ విన్నది. ఆయన గొంతు గద్గదమైనప్పుడు తలెత్తి చూసింది కూడా.

"అర్థమాయనా నాయనా?" అని అడిగాడు నారప్ప. అడిగాక చుట్టూ చూశాడు.

వాకిట్లో సుబ్బలక్ష్మమ్మ నిలబడి ఉంది.

"నలుగురు కొడుకులను కన్నాను" అన్నది ఆమె. "ఒగన్నన్నా ఎప్పుడన్నా నాయనా అని పిలిచినావా?"

"జీవమే కదా. మాటవరసకు అన్నాను."

"మాటవరసకే లే. మొన్న పండక్కు నాకు పెట్టిన బెల్లం గూడా మాటవరసకే దాని నోట్లోకి పాయె."

నెలకొకసారి ఎక్స్‌రే తీయించాలని శివన్న పట్టుబట్టాడు. పావగడ బస్టాండు పక్కన మనుషులకు ఎక్స్‌రే తీసే అంగడి ఒకటి ఉండేది. వేరుశనగ మూటల లారీలో పొట్టేలును ఎక్కించి, నారప్ప, శివన్న దానికి ఇరువైపులా కూర్చొని పోయారు. వరుసలో వారికి ముందు ఒక ఉబ్బసం ముసలాయన, వెనుక చేయి విరిగిన ఆడమనిషి ఉన్నారు. అంగడి గుమాస్తా తల ఎత్తకుండానే పుస్తకం తెరిచాడు.

"పేరు?"

"నారప్ప" అన్నాడు నారప్ప.

"వయసు?"

"రెండు పళ్ళు వేసింది. రెండేండ్లు అనుకో."

"ఏ భాగం?"

"కుడి ముంగాలు."

గుమాస్తా అప్పుడు తల ఎత్తాడు. పొట్టేలునూ నారప్పనూ మార్చి మార్చి చూశాడు. అచ్చుకాగితంలో ముంగాలు అనే గడి లేదు కనుక, కవరు మీద 'నారప్ప, 2 ఏళ్ళు, కుడిచేయి' అని రాసిచ్చాడు. మొదటి పటంలో ఎముక రెండు తుంపులుగా ఉంది. నడుమ నల్లని సందు. రెండో నెల పటంలో ఆ సందులో దూది పీచువంటి మసక పరచుకుంది. మూడో నెల పటాన్ని శివన్న కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. ఈ కొస నుండి ఆ కొసకు తెల్లని గీత తెగకుండా సాగింది.

"ఇంతకు ముందుకంటే గట్టిగా ఉండాది మామా" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నారప్పకు కూడా తిరిగాయి. ఎక్స్‌రే అంగడి ముందు ఇద్దరూ కొబ్బరినీళ్ళు తాగారు. పొట్టేలు కాయ పైపీచు నమిలింది.

ఉక్కుసూదులు ఊడదీశారు. పొట్టేలు నాలుగు కాళ్ళ మీద నడిచింది, తర్వాత పరుగెత్తింది, తర్వాత నారప్పను వెనుకనుండి కుమ్మింది. జాతరకు ఇంకా పన్నెండు దినాలున్నాయి.

ఆ సాయంకాలం నారప్ప చేతిలో పచ్చిగడ్డి పట్టుకొని కొట్టంలో ఉండగా, పూజారి హనుమప్ప, శివన్న కలిసి వచ్చారు. ఇద్దరి నడుమ ఏదో వాదం సాగుతున్నది.

"కుడి ముంగాలు మా ఇంటి పాలు" అంటున్నాడు హనుమప్ప. "మా ముత్తాత కాలం నుంచీ అంతే. అమ్మకు సమర్పించినాక తల మొక్కినవారింటికి, కుడి ముంగాలు పూజారికి."

"ఆ కాలి మాంసమంతా నువ్వే తీసుకో హనుమప్ప మామా. నాకు జానెడు ఎముక చాలు. దాన్ని రేకుల మాదిరి తరిగి మైక్రోస్కోపు కింద చూస్తేనే నా పరిశోధన పూర్తయ్యేది."

"ఎముక తీసేసినాక అది ముంగాలు ఎట్లయితాదప్పా? పులుసుకు రుచి వచ్చేదే మూలుగతో. ఉడికినాక ఇస్తాను, తీసుకొని పో."

"ఉడికిస్తే కణాలు చచ్చిపోతాయి."

"చచ్చిన పొట్టేల్లో బతికిన కణాలు యాడుంటాయి?"

శివన్న కొంచెం ఆలోచించాడు. "ఈ ముంగాలికి బదులు పావగడ సంత నుంచి ఇంకో ముంగాలు తెచ్చిస్తాను."

"రెండు తెచ్చియ్యి" అన్నాడు హనుమప్ప.

అలాగే కుదిరింది. ఇద్దరూ సంతోషంగా నారప్ప వైపు తిరిగి, ఇందులో ఆయనకు అభ్యంతరం లేదుగదా అని మర్యాదకు అడిగారు. నారప్ప చాచిన గడ్డి చాచినట్టే ఉంది. మూడు నెలలుగా ఆయన ఈ కాలు నయం కావాలని కోరాడు. ఎందుకు కోరాడో ఆ సాయంకాలం దాకా ఆయన మనసు తలచుకోలేదు. ముంగాలిని పంచుకున్న ఇద్దరి మధ్య నిలబడి, పొట్టేలు ఆయన చేతిలోని గడ్డిని ఒక్కొక్క పోచగా లాగి తినసాగింది.

మరునాడు ఉదయమే ఆయన శివన్నను పక్కకు పిలిచాడు.

"ఆ జెల్లు దేంతో చేసినావప్పా?"

"తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు మామా. దాంట్లో సున్నపు పొడి."

"ఏ జంతువు తోలు?" నారప్ప ఆశగా అడిగాడు. ఎనుముదో, ఎద్దుదో అయితే ఈ శరీరం కలగలుపైనట్టు, అమ్మవారికి పనికిరాదు.

"గొర్రెదే" అన్నాడు శివన్న గర్వంగా. "నీ ఆచారం నాకు తెలియదా? ఉన్నవాటిలో గొర్రెతోలుతో చేసిందే ఏరి తెచ్చినాను."

నారప్ప వదలలేదు. "ఆ జెల్లు ఇంకా కాలిలోనే ఉండాది గదా? పరాయి వస్తువు ఒంట్లో ఉన్నట్టే గదా?"

"చుక్క గూడా లేదు మామా. అంతా కరిగిపోయింది. ఉన్నదంతా దాని సొంత ఎముకే."

"పిసరంతన్నా మిగిలి ఉండదా?"

"మిగిలితే నా పరిశోధన తప్పయినట్టు."

"తప్పయితే ఏమప్పా?" అన్నాడు నారప్ప బతిమాలుతూ. "చిన్న వయసులో ఉండావు. తప్పులు చేసే వయసే గదా ఇది."

శివన్న నొచ్చుకొని తిరుమణి బస్సెక్కాడు. నారప్ప కాటయ్య ఇంటికి పోయాడు. అరవై ఏళ్ళ అనుభవం గల చేయి. కంటికి కనిపించని లోపం ఆ చేతికి తెలియకపోతుందా అని ఆయన నమ్మకం. కాటయ్య వచ్చి, కళ్ళు మూసుకొని, పొట్టేలి కుడి ముంగాలిని పైనుండి కిందికి తడిమాడు. ఎడమదాన్ని తడిమాడు. వెనుక కాళ్ళు రెండూ తడిమాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు.

కాటయ్య కళ్ళు తెరిచాడు. "ఇంతకూ విరిగింది ఏ కాలు నారప్పా?"

మిగిలిన దినాలలో నారప్ప ఎవరూ చూడని వేళల్లో పొట్టేలును పెరట్లో ఏడడుగులు నడిపించి చూసేవాడు. అది ప్రతిసారీ పెళ్ళి ఊరేగింపులో వరుడిలా నడిచేది. ఒకసారి గులకరాళ్ళ మీద నడిపించాడు, అప్పుడూ అంతే.

"ఒగ దావ ఉండాది" అన్నది సుబ్బలక్ష్మమ్మ, జాతరకు రెండు దినాల ముందు. ఆమె చేటలో గింజలు చెరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "నీకూ తెలుసు. నలుగురిలో లేచి, నా చేత కాలేదు తల్లీ అంటే, దారం విప్పి జీవాన్ని అమ్మ పేరుమీద వదిలేస్తారు."

నారప్పకు తెలుసు. ముప్పై ఏళ్ళలో నలుగురి చేత ఆ మాట అనిపించాడు. అన్నవాడు ఆ తర్వాత గుడి విషయంలో నోరు విప్పకూడదు. మాట పోతుంది, మర్యాద పోతుంది. తన విషయంలోనైతే రాతి అరుగూ పోతుంది.

"ముప్పై ఏండ్లు ఊరికి బుద్ధి చెప్పినవాడిని" అన్నాడు. "ఇప్పుడు నేనే పోయి ఆ మాట అనాలనా?"

"అనద్దు. పొట్టేలును ఇచ్చెయ్యి. సాయంత్రం పారాయణం నేను వింటాను."

ఆమె వినదని ఇద్దరికీ తెలుసు.

జాతరనాడు గుడి ముందు జనం కిక్కిరిశారు. నారప్ప తన పొట్టేలును పట్టుకొని అరుగు దగ్గరికి నడుస్తుండగా చిక్కన్న అడ్డం వచ్చాడు.

"నీ పొట్టేలును నువ్వే చూసుకుంటావా నారప్పన్నా? అట్ల ఎట్ల కుదురుతాదప్పా? ఈ పూట అరుగు మీద నేను కూర్చుంటాను."

జనం ఔనన్నారు. చిక్కన్న పంచె సర్దుకొని, తూర్పుముఖంగా కూర్చున్నాడు. ఆరేళ్ళుగా అతడు ఈ క్షణాన్నే కలలు గన్నాడు. పళ్ళు రెండుసార్లు లెక్కపెట్టాడు. చెవులను ఎండకెత్తి, అద్దాలు తుడుచుకొని, మళ్ళీ ఎత్తాడు. కుడి ముంగాలి మీద వెంట్రుకలను ఒక్కొక్క పాయగా విడదీసి వెదికాడు. నారప్ప అతని భుజం మీదుగా వంగి, అంతే ఆశతో తానూ వెదికాడు. ఆ ఇద్దరి కోరికా ఒకటి కావడం వారి జీవితాల్లో అదే మొదటిసారి.

"అద్దో, ఆడ ఏదో గుంట మాదిరి ఉండాది చూడు" అన్నాడు నారప్ప మెల్లగా.

"యాడ? అది కండ" అన్నాడు చిక్కన్న నిరాశగా.

ఏడడుగులు నడిపించాడు. నమ్మలేక పద్నాలుగు నడిపించాడు. తర్వాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. అబద్ధం చెప్పడానికి అతనికి మనసొప్పింది గాని, నాలుగువందల మంది కళ్ళెదుట పొట్టేలు నిటారుగా నిలబడి ఉంది. "లోపమేమీ లేదు" అన్నాడు చివరకు.

హనుమప్ప పసుపునీళ్ళ చెంబు ఎత్తాడు. ఒక మూల శివన్న మంచుడబ్బా తెరిచి సిద్ధంగా ఉన్నాడు. పొట్టేలు మెడ తిప్పి, ఇంత మంది ఉన్నా ఎవరూ ఏమీ చదవడం లేదేమన్నట్టు నారప్ప ముఖంలోకి చూసింది. అలా చూసిందనే నారప్పకు తోచింది.

"ఉండాది" అన్నాడు నారప్ప.

చిక్కన్న అరుగు మీదినుండి సగం లేచాడు. "యాడ? యాడుండాది?"

"పొట్టేల్లో కాదప్పా. నాలో." ఆయన పెద్ద గొంతు ఆనాడు పైకి రాలేదు, ముందు వరుసలవారు వెనుకవారికి చెప్పవలసి వచ్చింది. "ఇచ్చేవాడి మనసు గూడా నిండుగా ఉండాల గదా. పన్నెండు దినాల నుంచి ఈ కాలు కుంటితే బాగుండునని కోరుతా ఉండాను. కుంటలేదు. ఇయ్యబుద్ధి కాని మనసుతో ఇస్తే అది అంగలోపం కంటే పెద్ద లోపం. నా చేత కాలేదు తల్లీ."

వెనుకనుండి ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. చిక్కన్న మాత్రం నవ్వలేదు. గెలిచినవాడు ఏం చేయాలో అతనికి తోచలేదు. "చెవి చీలిక కంటే ఇది పెద్దదే నారప్పన్నా" అన్నాడు.

"పెద్దదేనప్పా" అన్నాడు నారప్ప. "నీ పొట్టేలి చెవి చీలిక గింజంతే."

చిక్కన్న ముఖం ఒక్కసారిగా మెత్తబడింది. ఆరేళ్ళుగా అతడు వినగోరిన మాట అది. "గింజంత గూడా లేదు. అరగింజ" అని సరిదిద్ది, మళ్ళీ అరుగు మీద కుదురుగా కూర్చున్నాడు.

హనుమప్ప దారం విప్పాడు. పొట్టేలు ఒకసారి ఒళ్ళు విదిలించుకొని, జనం కాళ్ళ నడుమనుండి దూసుకుపోయి, కొండకోట మెట్ల మీదికి లంఘించింది. శివన్న మంచుడబ్బా అక్కడే పడేసి, జేబులోని పుస్తకం లాగి, మెట్లు లెక్కపెడుతూ వెంటపడ్డాడు. నూటపదో మెట్టు దగ్గర ఆయాసంతో కూలబడ్డాడు, పొట్టేలు ఆగలేదు. ఎముకను తరిగి చూడలేకపోయినా, ఇన్ని మెట్లు ఎక్కిన కాలు గురించి రాయడానికి ఏదో ఒక దారి ఉండకపోదని అక్కడే కూర్చొని రాసుకోసాగాడు. పొట్టేలు వెనక్కు తిరిగి చూస్తుందేమోనని నారప్ప కింద చాలాసేపు నిలబడ్డాడు. అది చూడలేదు.

ఆయన ఇల్లు చేరేసరికి వాకిట నలభైమంది బంధువులున్నారు. మాంసం భోజనానికని రొద్దం నుండి, మడకశిర నుండి బస్సులెక్కి వచ్చినవారు. సంగతి అప్పటికే తెలిసింది. బావమరిది సోమప్ప వసారాలో కాళ్ళు చాపుకొని, ఎవరి చావుకో వచ్చినవాడిలా ముఖం పెట్టుకొని కూర్చున్నాడు.

నారప్ప బంధువుల వంక చూడలేక వెనుక దారిన వంటింట్లోకి పోయాడు. పొయ్యి మీద పెద్ద గుండిగ ఉడుకుతున్నది. పితికిన అనపచిక్కుడు పప్పు వాసన గుప్పుమంది. పక్కన చేటనిండా రాగిముద్దలు ఉన్నాయి.

నలభైమందికి అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజకూ పొట్టు పితికి తీయాలంటే ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలుసు.

"ఎప్పుడు నానేసినావు ఇవి?"

"నిన్న మధ్యాన్నం" అన్నది సుబ్బలక్ష్మమ్మ, గరిటె తిప్పుతూ. "రాత్రి రంగక్క, ఓబక్క వచ్చి పితికినారు."

"నిన్న మధ్యాన్నం నేనింకా ఇస్తాననే అంటా ఉంటిని గదా."

"అంటానే ఉంటివి" అన్నది ఆమె. గరిటె దించి, గోడవార ఉన్న విస్తరాకుల కట్ట ఆయన చేతికిచ్చింది. "పోయి ఆకులు వెయ్యి. అరుగు పాయె గదా, ఇంగ నీకు పనేముండాది?"